తాడిపత్రిలో బస్సులవాళ్ల కలయిక: ఏర్పాట్ల నుంచి లెక్కల దాకా

అనంతపురం, కడప, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో ఒకటో రెండో టూరిస్టు బస్సులు పెట్టుకుని, పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ కాలేజీ పిల్లల విహారయాత్రలకూ తిప్పుకునే చిన్న యజమానుల మధ్య ఫోను పరిచయం చాలాకాలంగా ఉంది. ఒకరి బండి దారిలో ఆగిపోతే దగ్గరి ఊళ్లో ఉన్నవారు మేస్త్రీని పంపడం, ఒప్పుకున్న ట్రిప్పుకు సొంత బండి అందకపోతే ఇంకొకరి బండిని సర్దడం మాకు అలవాటైన వ్యవహారమే. అయితే అందరి బళ్లనూ ఒకచోట నిలిపి, ఎవరి బండిని ఎవరు ఎలా చూసుకుంటున్నారో కళ్లారా చూసి నేర్చుకోవాలన్న ఆలోచన మాత్రం 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద జరిగిన ప్రమాదం తర్వాతే గట్టిపడింది. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఒక ద్విచక్ర వాహనాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకోగా నిద్రలో ఉన్న ప్రయాణికులు పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొని బస్సు కాలిపోయి 45 మంది చనిపోయినప్పుడు కూడా మేమందరం కొన్నాళ్లు ఇదే మాట్లాడుకుని, ఆ తర్వాత సీజను రద్దీలో మరచిపోయాం. ఈసారి మరచిపోకముందే కూర్చోవాలని కదిరి మిత్రుడు పట్టుబట్టాడు. ఏర్పాట్ల బాధ్యతలో ఎక్కువ భాగం నా మీద పడింది.

మొదటి చిక్కు తేదీ. బస్సులవాళ్లందరికీ ఒకేసారి ఖాళీ దొరకడం ఎంత కష్టమో ఈ వ్యాపారంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. కార్తీక మాసమంతా పంచారామాల ట్రిప్పులు, ఆ వెంటనే శబరిమల, సంక్రాంతికి ఊళ్లకు వచ్చిపోయేవారి రద్దీ, ప్రతి పౌర్ణమికీ అరుణాచలం గిరిప్రదక్షిణ, మహాశివరాత్రికి శ్రీశైలం, ఆపైన వేసవి సెలవులు, పెళ్లిళ్లు. పంచాంగం ముందు పెట్టుకుని చూస్తే, శుక్రమౌఢ్యం కారణంగా పెళ్లి ముహూర్తాలు లేని రోజుల్లో, సంక్రాంతి దాటిన తర్వాత, శివరాత్రికి ముందు, పౌర్ణమి తగలని ఒక శని ఆదివారాల జంట కనిపించింది. ముహూర్తాలు లేకపోవడంతో కల్యాణమండపం కూడా సగం అద్దెకే దొరికింది. బేరం మేము ఆడలేదు, పంచాంగమే ఆడిపెట్టింది. ట్రిప్పులు లేవని బండిని స్టాపేజీలో పెట్టి, వాడడం లేదని రవాణా శాఖకు ముందే రాసిచ్చి, ఆ త్రైమాసికం పన్ను మినహాయింపు తీసుకున్న మిత్రులు కొందరున్నారు. అటువంటి బండి రోడ్డెక్కడం చట్టప్రకారం కుదరదు కాబట్టి వారిని ఇతరుల బళ్లలో రమ్మన్నాం. వచ్చే ప్రతి బండికీ పన్ను, పర్మిటు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు నడుస్తుండాలని ముందే షరతు పెట్టాం. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి కనుక, ఈ షరతు విన్న కొందరు కలయికకు ముందే ఆ పని పూర్తిచేసుకున్నారు.

తాడిపత్రిని ఎంచుకోవడానికి కారణం దూరాలు. అనంతపురం నుంచి గంటన్నర లోపే చేరవచ్చు; ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె వైపు నుంచి వచ్చేవారికీ అదే మధ్యస్థలం. విడిభాగాల దుకాణాలు, టైర్లవాళ్లు, నల్లబండల లారీల పుణ్యమా అని మంచి మేస్త్రీలు అక్కడ కొదవ లేదు. అసలు పరీక్ష స్థలం ఎంపికలోనే ఎదురైంది. మొదట చూసిన మండపం బాగా విశాలంగా ఉంది, అద్దె తక్కువ, పక్కన వేపచెట్ల నీడ. కానీ ఆవరణంతా నల్లరేగడి. ఎండినప్పుడు రాయిలాగే కనిపించే ఆ నేల మీద రెండు ట్యాంకర్ల నీళ్లు ఒలికినా, రాత్రి ఒక జల్లు పడినా, పదహారు టన్నుల బండి ఇరుసు దాకా దిగిపోతుంది. చలికాలమే కదా, వాన ఎక్కడిదని కొందరన్నారు. వాన రాకపోయినా, బళ్లు కడిగే నీళ్లు, రేడియేటర్లలోంచి తీసే నీళ్లు, వంటవాళ్లు పారబోసే నీళ్లు అన్నీ అక్కడే ఇంకాలి కనుక నేను ఒప్పుకోలేదు. ఊరి బయట గరుసు తోలి రోలరు తొక్కించిన ఆవరణ ఉన్న ఇంకో మండపానికి కొంత ఎక్కువ అద్దె ఇచ్చి ఖాయం చేశాం.

ఆ ఆవరణను కొలవడానికి ఒక మధ్యాహ్నం పూర్తిగా వెచ్చించాం. పన్నెండు మీటర్ల బస్సు తిరగడానికి ఎంత చోటు కావాలో కాగితం మీద లెక్కవేయవచ్చు గానీ, ఒక బండిని తీసుకెళ్లి గేటులోంచి లోపలికీ బయటికీ తిప్పి చూడడమే నిజమైన కొలత. నాలుగు మీటర్లకు పైగా పొడవున్న వెదురుబొంగు పట్టుకుని, గేటు దగ్గర నుంచి బళ్లు నిలిచే ప్రతి చోటుకూ నడిచాం. దారికి అడ్డంగా వేలాడే కేబుల్ టీవీ తీగలు, వేపకొమ్మలు, మండపంవాళ్లు కట్టిన అలంకరణ దీపాల తీగ ఒకటి అప్పుడు బయటపడ్డాయి. టాపు మీద ఏసీ యూనిటు ఉన్న బస్సుకు ఇటువంటి తీగ తగిలితే జరిగే నష్టం చిన్నది కాదు. కరెంటు తీగలున్న వైపు బళ్లే నిలపకూడదని నిర్ణయించి, మిగిలిన చోట ముగ్గుపిండితో ఏటవాలు గీతలు గీయించాం. ఏటవాలుగా నిలిపితే ఏ బండికాబండి మిగతావాటిని కదిలించకుండా బయటకు రాగలదు. వెనుక ఇంజను బళ్ల వెనుక తలుపు పూర్తిగా తెరుచుకుని చుట్టూ పదిమంది నిలబడేంత ఖాళీ వదిలాం. ఆ ఖాళీ గురించే మా కమిటీలో పెద్ద వాదన జరిగింది.

కమిటీలో ఎక్కువమంది మనసులో ఉన్నది వేదిక, శాలువలు, ముఖ్య అతిథులు, పూలమాలలు. ఆవరణలో సగం కుర్చీలకు కేటాయించి, బళ్లను పక్కన వరుసగా నిలిపితే చాలని వారి అభిప్రాయం. నా వాదన ఇంకోలా ఉంది. వేదిక మీద కూర్చున్నవారు చెప్పే మాటలు ప్రయాణికుల భద్రత చాలా ముఖ్యం అనేంత వరకే వస్తాయి. బ్రేకులకు గాలి నిల్వచేసే ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ ఎలా తిప్పాలో, అందులోంచి వచ్చే నీళ్ల రంగును బట్టి ఏమి అర్థం చేసుకోవాలో చెప్పగలిగినవాడు బస్సు కింద పడుకుని ఉంటాడు. యజమానులు మాత్రమే వస్తే, బిల్లులు కట్టేవారి గోడు వినపడుతుంది తప్ప బండి గోడు వినపడదు. కాబట్టి ప్రతి బండితో డ్రైవరు, క్లీనరు కూడా రావాలనీ, ఆ రెండు రోజుల బత్తా యజమానే ఇవ్వాలనీ, రాత్రి ట్రిప్పు నుంచి నేరుగా వచ్చిన డ్రైవరుకు పడుకునే చోటు ముందు చూపించి తర్వాతే కార్యక్రమానికి పిలవాలనీ ప్రతిపాదించాను. బత్తా విషయంలో కొందరు గొణిగారు గానీ చివరికి ఒప్పుకున్నారు. శాలువల ఖర్చును షామియానాకు మళ్లించాం. ఒక ఆయిల్ డీలరు భోజనాల ఖర్చంతా తానే పెట్టుకుంటానని ముందుకొచ్చాడు. బదులుగా మైకులో అరగంట, గేటు దగ్గర పెద్ద బ్యానరు అడిగాడు. బ్యానరుకు సరేనన్నాం, మైకు ఇవ్వలేదు. అతడు భోజనాలు మానుకుని మధ్యాహ్నం మజ్జిగ మాత్రం పోయించాడు. అది మంచిదే అయింది, ఎందుకంటే తర్వాత ఏ నూనె వాడాలన్న చర్చ ఎవరి మొహమాటమూ లేకుండా సాగింది.

శనివారం ఉదయం బళ్లు రావడం మొదలైంది. పెద్ద బస్సులు, మినీ బస్సులు, టెంపో ట్రావెలర్లు కలిపి ఇరవై దాకా చేరాయి. కుటుంబాలతో వచ్చినవారు కొందరు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీల టిఫిను ముగిసేసరికి, నేను భయపడినట్టే, యజమానులందరూ షామియానా కింద, డ్రైవర్లందరూ ప్రహరీ గోడ నీడలో విడివిడిగా చేరారు. ఉపన్యాసం ఇచ్చి కలిపే పని కాదని తెలిసి, ముందుగా అనుకున్న ప్రకారం మూడు బళ్ల ఇంజను తలుపులు తెరిపించాం. ఇంజను తలుపు తెరుచుకున్న చోటికి బస్సువాడు రాకుండా ఉండలేడు. పావుగంటలో రెండు గుంపులూ కలిసిపోయాయి.

మొదట వచ్చిన విషయం నీళ్లు. మా సీమలో బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. సున్నం, ఉప్పు పాళ్లు ఎక్కువ. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన పాడైపోయిన రేడియేటరు కోరును రంపంతో కోయించి తెచ్చాడు. వేడినీళ్ల కాయిలు మీద పేరుకునే తెల్లటి పెచ్చు లాంటిదే గొట్టాల లోపలి గోడలకు పట్టి, సగం దారి మూసుకుపోయి ఉంది. ఆ పెచ్చు వేడిని బయటకు పోనివ్వదు. ఇంజను హెడ్డు లోపల నీళ్లు తిరిగే దారుల్లోనూ అదే పడుతుంది కాబట్టి రేడియేటరు మార్చినంత మాత్రాన జబ్బు పోదు. దారిలో వేడెక్కిందని పెట్రోలు బంకులో కొళాయి తిప్పి బిందెడు నీళ్లు పోసుకోవడం మా అందరికీ ఉన్న అలవాటే.

“తాగేదానికి పనికిరాని నీళ్లు ఇంజనుకు ఎట్ల పనికొస్తాయన్నా?” అని ఆ మేస్త్రి అడిగితే జవాబు చెప్పగలిగినవారు లేరు.

నీళ్లకు బదులు ఇంజనును చల్లబరచడానికి పోసే కూలెంటు ధర ఎక్కువని వాదించినవారికి ఆయన లెక్క కట్టి చూపించాడు. గ్లైకాల్ కూలెంటులో తుప్పును ఆపే రసాయనాలుంటాయి, అది నీటి మరుగు స్థానాన్ని పెంచుతుంది, మండు వేసవిలో మనకు కావలసింది ఈ రెండే. సగం కూలెంటు, సగం బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయాలి. కంపెనీ చెప్పిన గడువుకు మొత్తం తీసి మార్చాలి. రంగు ఒకటే కదా అని రెండు రకాలను కలపకూడదు, కలిపితే కొన్నిసార్లు జిగురుగా గడ్డకడుతుంది. అత్యవసరంగా దారిలో మామూలు నీళ్లు పోయవలసి వస్తే పోసుకోవచ్చు, కానీ ఇంటికి చేరగానే దాన్ని తీసేయాలి. ఈ చివరి మాట దగ్గరే మాలో చాలామంది తప్పిపోతున్నామని చర్చలో తేలింది. బండి చల్లబడింది కదా అని ఊరుకోవడం, వచ్చే వేసవిలో అదే బాధ మళ్లీ పడడం. నీళ్లలో కరిగిన లవణాల పాళ్లు చూపే చిన్న టీడీఎస్ మీటరును ఒక మిత్రుడు తెస్తే, దానితో ఎవరి ఊరి నీళ్లను వారు పరీక్షించుకున్నారు. సీసాల్లో తమ ఊరి బోరు నీళ్లు పట్టుకొని రమ్మని ముందే చెప్పి ఉంచాం. ఎవరి నీళ్లు ఎక్కువ ఉప్పనివో పోటీ పెట్టుకున్నట్టు నవ్వుకుంటూనే అంకెలు రాసుకున్నారు.

గాలి బ్రేకుల మీద చర్చ నడిపించినది రాయచోటి వైపు రోజూ తిరిగే డ్రైవరు. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటు గురించి మా ప్రాంతంలో తెలియనివారు లేరు. అక్కడ బ్రేకులు వేడెక్కి అదుపు తప్పిన లారీల కథలు ప్రతి డ్రైవరుకూ కొన్ని తెలుసు. అతడు చెప్పిన సూత్రం పాతదే. ఆ ఘాటును ఏ గేరులో ఎక్కుతామో దిగేటప్పుడూ దాదాపు అదే గేరులో దిగాలి. పొగ దారిని మూసి ఇంజనుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్టు బ్రేకును దిగడం మొదలుపెట్టకముందే వేసుకోవాలి. పెడలు మీద కాలు ఆనించి కిందిదాకా ఉంచడం కాకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా నొక్కి తగ్గించి, వదిలి, బ్రేకు లైనర్లకు చల్లబడే వ్యవధి ఇవ్వాలి. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించేవాడికి బండి ఇవ్వనే కూడదని అతడు యజమానుల మొహం మీదే అన్నాడు. మైలేజీ తక్కువ వచ్చిందని డ్రైవరును నిలదీసే యజమానులే పరోక్షంగా ఆ అలవాటు నేర్పుతున్నారన్న మాట కూడా ఆ వెంటనే వచ్చింది. దానికి షామియానా కింద కాసేపు నిశ్శబ్దం, తర్వాత గట్టి వాదన. ఇంజనును నమ్మి దిగే చోట ఇంజను నుంచి చక్రాన్ని విడదీయడం తప్పని చివరికి అందరూ ఒప్పుకున్నా, మైలేజీని బట్టి డ్రైవరుకు ఇచ్చే బహుమానం తీసేయాలా వద్దా అన్నది తేలలేదు.

తర్వాత ఒక బండిని నిలిపి చేసి చూపించారు. చక్రాలకు దిమ్మెలు పెట్టి, గాలి నిండే దాకా ఇంజను నడిపి, ఆపేసి, పార్కింగు బ్రేకు వదిలి, పెడలు నొక్కి పట్టుకుని గేజీ ముల్లును నిమిషం పాటు చూడడం మొదటి పరీక్ష. ముల్లు దిగుతూ ఉంటే ఎక్కడో లీకుంది. సబ్బు నీళ్లు పూస్తే బుడగ చూపిస్తుంది. రెండోది ట్యాంకుల డ్రెయిన్. క్లీనరు కుర్రవాడొకడు వరుసగా బళ్ల కిందికి దూరి డ్రెయిన్లు తిప్పుతూ వచ్చాడు. నీళ్లు వస్తే గాలిలోని తేమను పీల్చే ఎయిర్ డ్రయరు గుళ్ల పని అయిపోయిందని, నూనె కలిసిన పాల రంగు నీళ్లు వస్తే కంప్రెసరు రింగులు అరిగాయని అనుమానించాలి. మూడోది, బ్రేకు లైనరుకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీని సర్దే స్లాక్ అడ్జస్టర్లు. గాలి ఒత్తిడికి బయటికొచ్చి బ్రేకును కదిలించే చాంబరు రాడ్డు మీద సుద్దముక్కతో గీత పెట్టి, పెడలు నొక్కించి, ఎంత బయటికొస్తోందో కొలిస్తే ఒకే ఇరుసులో ఎడమ కుడి చక్రాల తేడా తెలిసిపోతుంది. ఆటోమేటిక్ అడ్జస్టరున్న బళ్లలో ఆ దూరం ఎక్కువైతే స్పానరు పెట్టి తిప్పి సరిచేశామనుకోవడం పొరపాటు; అది తనంతట తాను సర్దుకోవడం లేదంటే లోపల ఇంకేదో చెడింది, దాన్ని వెతకాలి. ఈ పరీక్షలన్నిటికీ పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు, సుద్దముక్క, సబ్బు నీళ్లు, ఒక మనిషి ఓపిక చాలు.

టైర్ల విషయం త్వరగానే ముగిసింది, ఎందుకంటే గాలి విషయంలో తెలియక చేసేది తక్కువ, బద్ధకంతో చేసేదే ఎక్కువ. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి; ఎండలో రెండు వందల కిలోమీటర్లు తిరిగి వచ్చిన టైరులో గాలి ఎక్కువుందని కొంత తీసేస్తే మరునాడు ఉదయం తక్కువ గాలితో బయలుదేరినట్టు అవుతుంది. వెనుక జంట టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగినది పెడితే పెద్ద చుట్టుకొలత ఉన్నది బరువంతా మోస్తుంది. టైరు పక్క గోడ మీద కోడు చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. స్టెప్నీ మీద ఆ అంకెలు చదివి కొందరు యజమానులు కంగు తిన్నారు. రీబటన్ టైరు (అరిగినదానికి పైన కొత్త రబ్బరు వేసినది) ముందు చక్రాలకు వేయకూడదన్న దానిలో రెండో మాట లేదు. చక్రం విప్పి బిగించిన తర్వాత యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక నట్లను మళ్లీ బిగించి చూడాలన్నది తెలిసినవారే అందరూ. టామీ రాడ్డు మీద ఎగిరి తొక్కే పద్ధతికి బదులు కావలసినంత బిగువుకే బిగించే టార్క్ రెంచి వాడితే స్టడ్లు సాగకుండా ఉంటాయని టైర్ల షాపు ఆయన చేసి చూపించాడు.

మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు, శాకాహారులకు గుత్తివంకాయ, ఆపైన ఓళిగలు. భోజనానంతరం మగత వస్తుందని తెలిసి, అందరికీ కోపతాపాలు తెప్పించే వైరింగు విషయాన్ని ఆ సమయానికే పెట్టాం.

పెద్ద బస్సులో రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిసి ఇరవైనాలుగు వోల్టులిస్తాయి. సౌండు సిస్టం, మొబైలు చార్జర్లు పన్నెండు వోల్టులవి కావడంతో చాలామంది ఎలక్ట్రీషియన్లు ఒక బ్యాటరీ నుంచే వైరు లాగేస్తారు. అప్పుడు ఆ బ్యాటరీ ఒకటే ఎక్కువగా ఖాళీ అవుతుంది, ఆల్టర్నేటరు రెండింటినీ కలిపి చార్జి చేస్తుంది కనుక రెండోది అతిగా చార్జయి నీళ్లు ఇగిరిపోతాయి. ఏడాది తిరగకుండానే జత పోతుంది. ఇరవైనాలుగును పన్నెండుకు దించే కన్వర్టరు పెట్టుకోవడం దీనికి సరైన పరిష్కారం. డబ్బు నష్టం అంతవరకే. ప్రాణనష్టం వైపు చూస్తే, పెళ్లి బస్సులకు అందం కోసం కట్టించే రంగు దీపాలు, బెర్తు బెర్తుకూ పెట్టే చార్జర్లు, ఇన్వర్టరు, వీటన్నిటికీ ఫ్యూజు లేకుండా సన్నటి వైరు లాగి, ప్లైవుడ్డు, స్పాంజి, పరదాల వెనుక దాచేయడం ఎంత ప్రమాదమో అందరం ఒప్పుకున్నాం. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయించినవారు, వైరే నేరుగా కలిపేయించినవారు మాలో లేరని నేను చెప్పలేను. అనంతపురం ఎలక్ట్రీషియను ఒకాయన ఒక బండి పైకప్పు ప్యానెలు విప్పి, బస్సు కట్టినప్పుడు వేసిన వైరింగు ఏది, తర్వాత అతికించినది ఏది అని వేరుచేసి చూపించాడు. డీజిలు పైపు వాషరు దగ్గర చెమ్మ, టర్బో దగ్గర వేడి, ఈ రెండూ పక్కపక్కనే ఉన్న ఇంజను గదిలో నూనె తుడిచే పీచు, పాత గుడ్డలు దాచుకునే క్లీనర్ల అలవాటును కూడా అప్పుడే మాన్పించాలనుకున్నాం.

ఆరు కిలోల పొడి సిలిండరు మంట మీద పనిచేసేది పదిహేను, ఇరవై సెకన్లే. అగ్నిమాపక సేవలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన పాత టైరు ముక్కలకు మంట పెట్టి, పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ చూపించాడు. ఆ తర్వాత డ్రైవర్ల చేత చేయించాడు. మొదటిసారి పట్టుకున్నవారిలో చాలామంది మంట పైభాగానికి కొట్టి సిలిండరు ఖాళీ చేశారు. చిన్న మంటను ఆపడానికే అది. పెద్దదైతే మనుషులను దించడమే పని అని ఆయన పదేపదే చెప్పాడు.

మనుషులను దించడం అన్న మాట దగ్గర నుంచి మొత్తం కలయికలో నాకు అన్నింటికన్నా విలువైన భాగం మొదలైంది. ప్రతి బండి అత్యవసర ద్వారాన్నీ ఎవరి డ్రైవరు వారే తెరవాలన్నాం. కొన్ని తడుముకోకుండా తెరుచుకున్నాయి. కొన్నిటికి రంగు వేసినప్పుడు అంచులు అతుక్కుపోయాయి, కొన్నిటి ముందు అదనపు సీటు వచ్చింది, అద్దం పగలగొట్టే సుత్తి ఉండవలసిన చోట ఖాళీ కొక్కెం ఉంది. తర్వాత వచ్చిన కుటుంబాలవారినే ప్రయాణికులుగా కూర్చోబెట్టి, వెనుక కిటికీ గుండా దిగమన్నాం. పిల్లలకు అది ఆట. చీర కట్టుకున్న ఒక పెద్దావిడ కిటికీ అంచున కూర్చుని కిందికి చూసి, “ఇంత ఎత్తు నించి దూకేదెట్ల నాయనా?” అని వెనక్కి జరిగింది. కింద ఇద్దరు నిలబడి పట్టుకుంటే తప్ప ఆమె దిగలేకపోయింది. స్లీపరు బస్సు పై బెర్తులో పడుకున్న ఆ వయసు మనిషి పొగలో, చీకట్లో ఏం చేయగలదో అప్పుడు మాకు తెలిసివచ్చింది. మొదట దిగినవారు పారిపోకుండా కింద నిలబడి మిగతావారిని పట్టుకోవాలన్న సూచన, బయలుదేరేముందు డ్రైవరో క్లీనరో అత్యవసర ద్వారం ఎక్కడుందో, ఎలా తెరవాలో ప్రయాణికులకు ఒక నిమిషం చెప్పాలన్న నియమం ఆ అనుభవం నుంచే వచ్చాయి.

2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బళ్లు మాలో తక్కువమందికే ఉన్నాయి గానీ సందేహాలు అందరికీ ఉన్నాయి. పొగలోని కాలుష్యాన్ని తగ్గించడానికి పొగ గొట్టంలో వాడే డీఈఎఫ్ (డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్) ద్రావణంలో 32.5 శాతం యూరియా ఉంటుంది. అది శుద్ధమైన యూరియా, పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోస్తే ఖరీదైన భాగాలు పాడవుతాయి. దీన్ని వేడిలో నిల్వ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. నిలకడగా 35 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు ఆరు నెలలే. మా వేసవిలో డిక్కీలో పడేసిన డబ్బా అంతకన్నా ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే కొనాలి. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులే తిరిగే బండిలో పొగ మసిని కాల్చే ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవడానికి వేడి చాలదు. దీపం వెలిగినప్పుడు నిర్లక్ష్యం చేయకుండా హైవే మీద కొంతసేపు నిలకడగా నడపాలి, లేదా కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు నిలిపి చేయాలి.

ఆదివారం ఉదయం కుటుంబాలతో బెలుం గుహలకు వెళ్లాం. తాడిపత్రికి ముప్పై కిలోమీటర్ల దూరం. 3229 మీటర్ల పొడవైన ఆ గుహల్లో పిల్లలను కాపాడుకోవడమే పెద్ద పని అయింది. డ్రైవర్లలో సగం మంది రాలేదు. ప్రొద్దుటూరు మేస్త్రీని పట్టుకుని ఒక బండి క్లచ్చు విప్పించుకుంటూ మండపంలోనే ఉండిపోయారు. మేము తిరిగి వచ్చేసరికి అది బిగించి ఉంది, కూలి మాత్రం తీసుకోలేదట.

లెక్కల విషయానికి వస్తే, బండికింత అని వేసుకున్న చందాతో మండపం, భోజనాలు, షామియానా, నీళ్ల ట్యాంకర్లు సరిపోయాయి. డీజిలు ఎవరిది వారిదే. మండపం యజమాని పెట్టిన షరతు ప్రకారం పాత ఇంజను ఆయిలు, కూలెంటు నేల మీద పడకుండా డ్రమ్ముల్లో పట్టి, పాత ఆయిలు కొనేవారికి ఇచ్చాం. ఆ డబ్బూ ఖాతాలో చేరింది. మిగిలిన మొత్తంతో టార్క్ రెంచి, టీడీఎస్ మీటరు కొని తాడిపత్రి మిత్రుని షెడ్డులో ఉంచాం. ఎవరు తీసుకెళ్లినా పుస్తకంలో సంతకం పెట్టి, వారంలోగా తిరిగి ఇవ్వాలి.

తదుపరి కలయిక ఎక్కడన్నది ఇంకా తేలలేదు. కడప మిత్రులు గండికోట అంటున్నారు. చూడడానికి గొప్ప చోటే గానీ కోట ద్వారం దగ్గర పెద్ద బస్సు తిరిగే చోటు గురించి నాకు అనుమానం ఉంది. కర్నూలువారు ఓర్వకల్లు రాతి కొండల దగ్గర స్థలం చూస్తామన్నారు. ఎక్కడైనా సరే, అత్యవసర ద్వారం, సుత్తి, మంటలార్పే సిలిండరు సరిచేయించి తెచ్చిన బళ్లకే గేటు తెరవాలని నేను పెట్టిన ప్రతిపాదన మీద కమిటీలో వాదన జరుగుతోంది. సరిచేయించనివారినే ముందు పిలవాలి, వారికే మన అవసరం ఎక్కువ అని కదిరి మిత్రుడి వాదం. దాన్ని కాదనడానికి నా దగ్గర ప్రస్తుతానికి గట్టి జవాబు లేదు.